మోగిందా, బావగారూ?

వియ్యంకుడు గోనెసంచిలో చుట్టిన తుపాకీని భుజాన వేసుకుని కొట్టులోకి వస్తుంటే, మేస్త్రి ముందుగా చూసింది ఆయన మొహం కాదు, ఆ మూట చివర ఎటు తిరిగి ఉందా అని. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా తుపాకులు బాగుచేసి బతుకుతున్న మనిషి. తెచ్చినవాడు ఎంత పెద్దమనిషైనా సరే, లోపల ఏమీ లేదని ఒట్టు పెట్టినా సరే, ముందు మూతి ఎటుందో చూసుకుంటాడు, ఆ తర్వాతే కుర్చీ చూపిస్తాడు. ఆ మూతి ఇప్పుడు వియ్యంకుడి వెనకాలే వస్తున్న మేస్త్రి కూతురి మొహానికి జానెడు దూరంలో ఊగుతోంది.

"అమ్మా, పక్కకి జరుగు!" అని అరిచాడు.

"వచ్చీ రాగానే కేకలేనా నాన్నా?" అంటూనే జరిగింది కూతురు. ఈ కొట్టులో బల్ల కింద ఆడుకుని పెరిగిన పిల్ల. పెళ్ళయి ఆరేళ్ళయినా తండ్రి కేకకి ముందు కాలు కదులుతుంది, నోరు తర్వాత లేస్తుంది.

వియ్యంకుడు మూటని బల్ల మీద పెట్టి, బహుమతి విప్పుతున్నవాడిలా తాడు ముడి విప్పాడు. "పాతింటి అటక మీద దొరికింది బావగారూ. మా తాతగారిది. నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉందట. చూడండి, ఏం దర్జాగా ఉందో!"

దర్జా సంగతి దేవుడెరుగు, అసలు అది తుపాకీ అనడానికే లేదు. తుప్పే తుపాకీ వేషం వేసుకుని వచ్చినట్టుంది. పక్కపక్కన రెండు గొట్టాలు, వెనక రెండు చిన్న సుత్తులు, కర్ర నిండా చెదలు తిరిగిన దారులు. ఎక్కడ ముట్టుకుంటే అక్కడ ఎర్రటి పొడి వేలికి అంటుకుంటోంది. మధ్యలో విరిచి తెరవాల్సిన మడత బిగుసుకుపోయి అంగుళం కూడా కదలడం లేదు.

"బాగుచేస్తే పేలుతుందా, లేదా? అదొక్కటీ చెప్పండి చాలు," అన్నాడు వియ్యంకుడు. "గోడకి తగిలించుకోడానికి కాదు సుమండీ. అడవి పందులు మొక్కజొన్న చేనంతా దున్ని పారేస్తున్నాయి. తాత తుపాకీతో మొదటి దెబ్బ నేనే కొట్టాలి. లైసెన్సు కాగితాలన్నీ నా పేరు మీదికి మార్పించుకున్నా కూడాను."

మేస్త్రి గోడకున్న సన్నటి ఇత్తడి కడ్డీ తీసి ఎడమ గొట్టంలోకి మెల్లగా దించాడు. అది ఆగినచోట బొటనవేలితో గుర్తు పట్టి, బయటికి తీసి గొట్టం పక్కనే ఆనించి చూశాడు. సరిగ్గా చివరిదాకా వెళ్ళింది. కుడి గొట్టంలోకి దించాడు. ఈసారి కడ్డీ బొటనవేలి పొడవు ముందే ఆగిపోయింది. మళ్ళీ దించాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

"బావగారూ, దీన్ని ఎలా తెచ్చారు?"

"కార్లో. వెనక సీట్లో కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నా. అమ్మాయే నడిపింది."

"మూతి ఎటు పెట్టుకున్నారు?"

వియ్యంకుడు ఒక్క క్షణం ఆలోచించి, "ముందుకే. అమ్మాయి సీటుకి ఆనించి పెట్టా, ఊగకుండా," అన్నాడు.

"కుడి గొట్టంలో తూటా ఉంది," అన్నాడు మేస్త్రి.

కూతురు నవ్వబోయి ఆగిపోయింది. వియ్యంకుడు కుర్చీ ఉందో లేదో కూడా చూసుకోకుండా కూలబడ్డాడు. అదృష్టం, కుర్చీ ఉంది. మూడు గంటల ప్రయాణం, గతుకుల రోడ్డు, కోడలి వెన్నుకి ఆనించిన గొట్టం. పాపం ఆయన, "తెలియదు బావగారూ," అన్నాడు. "తెలియకే అందరూ చేసేది," అన్నాడు మేస్త్రి. పన్నెండు రోజులాగి రమ్మని ఇద్దర్నీ పంపేశాడు.

తుపాకీని ఇసుక బస్తాల మధ్య పెట్టి, మూతి ఇటుక గోడవైపు తిప్పి, మడతలోకి రోజూ కిరసనాయిలూ నూనే కలిపి చుక్కలు చుక్కలుగా వదిలాడు. తొమ్మిదో రోజున మడత కదిలింది. లోపల ఉన్న తూటా ఇత్తడి పచ్చబడి, ఉబ్బి, గొట్టానికి అతుక్కుని ఉంది. దాన్ని ఊడదీయడానికి పట్టిన గంటసేపూ మేస్త్రి ఊపిరి పీల్చాడో లేదో ఆయనకే తెలియదు. బయటికొచ్చాక చూసుకుంటే చొక్కా పిండేలా తడిసిపోయింది. గొట్టాల్ని కర్రనుంచి విడదీసి, తుప్పు గీకి, వాటి మందం కొలిచి చూశాడు. విచిత్రం ఏమిటంటే, పైన అంత కురుపుల్లా ఉన్నా మందం బాగానే ఉంది. ఇక మిగిలింది ఒక్క పరీక్షే. ఆ ఒక్కటీ ఆయన చేయలేడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఆయన పడిన బాధ మీకు అర్థం కాదు. జోడు గొట్టాల తుపాకీలో ఆ రెండింటినీ కలిపి ఉంచేది మధ్యలో పొడుగునా టంకంతో అతికిన సన్నని పట్టీ. దాని కిందికి ఒకసారి తడి చేరిందా, ఇక లోపల్లోపలే తినేస్తుంది. అది కంటికి కనబడదు, కొలతకి అందదు. తెలుసుకోవడానికి మేస్త్రికి ఆయన తండ్రి నేర్పింది ఒక్కటే దారి. గొట్టాల్ని విడదీసి, దారం కట్టి వేలాడదీసి, చెక్క సుత్తితో చిన్నగా కొట్టాలి. లోపల గట్టిగా ఉంటే కంచు గిన్నెలా ఖంగుమని మోగి, ఆ మోత సన్నగా సాగుతూ సాగుతూ పోతుంది. అతుకు వదిలినా, ఎక్కడైనా చీలిక ఉన్నా, టప్పుమని అక్కడికక్కడే చచ్చిపోతుంది. మోగితే తుపాకీ, మోగకపోతే గోడకి అలంకారం.

మేస్త్రికి ఆ మోత వినపడడం మానేసి రెండేళ్ళయింది.

అది తెలిసిన రోజు ఆయనకి బాగా గుర్తు. కొత్త గొట్టాల జత ఒకటి వేలాడదీసి కొట్టాడు. టక్. చెక్క తగిలిన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. సరుకు మంచిది కాదనుకుని ఇంకో జత కొట్టాడు. టక్. తన చేతులతో అతికిన జత, తండ్రి అతికిన జత, కొట్టులో ఉన్నవన్నీ వరసగా తెచ్చి కొట్టాడు. అన్నీ ఒక్కరోజే చచ్చిపోయాయి. చచ్చింది గొట్టాలు కావని తెలిశాక సుత్తి కింద పెట్టి ఆ సాయంత్రమంతా అలాగే కూర్చున్నాడు. ఎదురుగా కూర్చున్న మనిషి మాటలు పెదాలు చూస్తూ నెట్టుకురావచ్చు. సన్నని చప్పుళ్ళే పోయాయి. భార్య ఉండి ఉంటే మొదటి వారంలోనే పట్టేసి, నలుగురిలో నవ్వించి, చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కుపోయేది. ఆవిడ పోయి మూడేళ్ళు. ఒంటిగా ఉండే మనిషి చెవుల గురించి ఎవరికి కావాలి?

చెప్పుకోవచ్చుగా అంటారు. ఎవరికి చెప్పుకుంటాడండీ? చెవిటి మేస్త్రికి తుపాకీ ఎవడిస్తాడు? కొట్టు మూసేసి అల్లుడింట్లో మూల కుర్చీ వేయించుకుని, టీ ఇచ్చినప్పుడు తాగి, అన్నం పెట్టినప్పుడు తినాలి. ఆ కుర్చీ తలుచుకుంటేనే ఆయనకి ఒళ్ళు చల్లబడేది. అందుకని నోరు మూసుకున్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఈ రెండేళ్ళలో ఏడు తుపాకులు వచ్చాయి. ఏడింటినీ వేలాడదీశాడు, కొట్టాడు, తల వంచి విన్నట్టు నటించాడు, "భేషుగ్గా ఉంది" అని చేతికిచ్చి పంపేశాడు. అప్పటినుంచీ ఆస్పత్రి బండి లైటు తిప్పుకుంటూ కొట్టు ముందు నుంచి పోతే చాలు, అందులో ఉన్నది తన పనేనేమోనని గుండె ఆగినంత పనయ్యేది. గొట్టం పగిలితే ముందు పోయేది దాన్ని కింద పట్టుకున్న ఎడమ చెయ్యి. కుర్రతనంలో ఒక్కసారి చూశాడు, తువ్వాల్లో చుట్టుకుని వచ్చిన చేతిని. అందులో వేళ్ళు లెక్క పెట్టబోతే తండ్రి తల పక్కకి తిప్పేశాడు.

పదమూడో రోజు మధ్యాహ్నం వియ్యంకుడూ కూతురూ మళ్ళీ వచ్చారు. మేస్త్రి రాత్రంతా దొర్లి దొర్లి ఒక అబద్ధం సిద్ధం చేసి పెట్టుకున్నాడు.

"దీని మీద పని దండగ బావగారూ. తుప్పు మరీ లోపలికి పోయింది. దులిపి దాచుకోండి."

వియ్యంకుడి మొహం చిన్నబోయింది. కానీ ఆయన అంత తేలిగ్గా వదిలే రకం కాదు. "పోన్లెండి. మీకు శ్రమ ఎందుకు? మా ఊరి దారిలో ఇంకో కొట్టాయన ఉన్నాడు. వారంలో తళతళా మెరిపించి ఇస్తానన్నాడు," అన్నాడు.

ఆ ఇంకో కొట్టాయన మేస్త్రికి తెలుసు. గరుకు కాగితంతో రుద్ది, నల్లరంగు పూసి, దండం పెట్టి ఇచ్చే రకం. మోగించడం అంటే ఏమిటో కూడా తెలియదు. తుపాకీ ఇక్కడినుంచి కదిలిందా, నెల తిరక్కుండా వియ్యంకుడి బుగ్గ కింద ఉంటుంది. మేస్త్రికి కక్కలేక మింగలేక అయింది. "ఆగండి, ఆగండి. ఒకసారి మోగించి చూద్దాం," అనేశాడు. కూతురు అప్పటికే టీ పెట్టడానికి లోపలి గదిలోకి వెళ్ళింది.

గొట్టాల్ని దారానికి వేలాడదీశాడు. చెక్క సుత్తి తీసుకున్నాడు. కొట్టాడు. టక్. ఇంతకంటే ఏం వినపడుతుంది? అప్పుడొక ఆలోచన వచ్చింది. తన చెవులు పోతే పోయాయి, ఎదురుగా రెండు మంచి చెవులున్నాయి కదా!

"మోగిందా, బావగారూ? మీరే చెప్పండి," అన్నాడు వేళాకోళం ఆడుతున్నట్టు నవ్వు మొహం పెట్టి.

"ఆహా! బ్రహ్మాండంగా మోగింది," అన్నాడు వియ్యంకుడు.

ఇంకోసారి కొట్టాడు. "బాగా సాగిందా మోత?"

"సాగకేం బావగారూ! మీ చెయ్యి పడ్డాక సాగకపోతుందా?"

మేస్త్రి గుండెల మీదనుంచి బరువు దిగిపోయింది. ఎంత పిచ్చివాడో చూడండి! వియ్యంకుడి చెవుల్ని నమ్మాడు గానీ, వియ్యంకుడి మర్యాదని మర్చిపోయాడు. పిల్లనిచ్చినవాళ్ళ ఇంట్లో కూర్చుని, బావగారు స్వయంగా చేసి చూపించిన పనికి పేరు పెట్టేవాడు ఎవడైనా ఉంటాడా? ఉప్పు లేని కూర వడ్డించినా అమృతం అని మారు వడ్డించుకునే వరస అది. గొట్టం మోగడం అంటే ఎలా ఉంటుందో ఆయనకి తెలియనే తెలియదు. బావగారు నవ్వుతూ అడిగాడు గనక బాగుందన్నాడు.

"అయితే దీనికి ప్రాణం ఉన్నట్టే," అన్నాడు మేస్త్రి. "పైపైన పని చేస్తే చాలు. పేలుతుంది."

కూతురు మూడు గ్లాసులతో గుమ్మంలోకి వచ్చి అక్కడే నిలబడిపోయింది. "అదేంటి నాన్నా, పేలుతుందంటావేంటి? లోపలికి వినపడింది. చిల్లిగిన్నె మీద కొట్టినట్టుంది కదా!"

మేస్త్రి ఆమె పెదాలు చూస్తూనే ఉన్నాడు. ఒక్క మాట కూడా తప్పిపోలేదు. "నువ్వు చెప్తావా నాకు పని? నీ వయసంత కాలం చేశాను ఇదే పని! టీ ఇచ్చి లోపలికి పో," అని కసిరాడు. ఇంతవరకూ కూతుర్ని మామగారి ముందు ఒక్క మాట అనని మనిషి. ఆమె మొహం ఎర్రబడింది. గ్లాసులు బల్ల మీద పెట్టింది గానీ లోపలికి పోలేదు. తండ్రినే చూస్తూ నిలబడింది.

వియ్యంకుడికి ఈ గొడవేదీ పట్టలేదు. పేలుతుందన్న మాట చెవిన పడ్డాక మనిషి ఇరవయ్యేళ్ళ కుర్రాడైపోయాడు. దారం విప్పి, ఒట్టి గొట్టాల్నే భుజానికి ఆనించుకున్నాడు. ఒక కన్ను మూసి, నూనె జిడ్డు అంటుతున్నా పట్టించుకోకుండా బుగ్గ ఆనించి, ఎడమ చేత్తో కింద గట్టిగా పట్టుకున్నాడు. సరిగ్గా పట్టీ కింద. నాలుగు వేళ్ళూ ఒక పక్క, బొటనవేలు ఒక పక్క.

"ఎలా ఉన్నా బావగారూ? మనవణ్ణి పక్కన నిలబెట్టుకుని మొదటి పందిని..."

"బావగారూ, నాకు వినపడదు," అన్నాడు మేస్త్రి.

వియ్యంకుడు గొంతు పెంచాడు. "అదేనండీ! మనవణ్ణి పక్కన నిలబెట్టుకుని..."

"అది కాదు. చెవులు. మోత వినపడదు నాకు. రెండేళ్ళయింది. మీరు మోగిందంటే నమ్మాను. దింపండి. దయచేసి కిందికి దింపండి దాన్ని."

వియ్యంకుడు దింపాడు. ఎవరైనా ఏమైనా అన్నారేమో మేస్త్రికి తెలియదు, ఆయన నేల చూస్తున్నాడు. భుజం మీద చెయ్యి పడితే తలెత్తాడు. వియ్యంకుడు ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడదీసి చెప్తున్నాడు. "నాకూ టప్పుమనే వినపడింది. మీరంత సంబరంగా అడిగితే కాదనడం ఎందుకని... నన్ను తన్నాలి బావగారూ." ఆయన గొట్టాల్ని గోనెసంచిలో చుట్టేసి, తాడు రెండు ముళ్ళు వేశాడు. తాత తుపాకీ సంగతి అక్కడితో తేలిపోయింది. గోడకి అలంకారం.

తేలనిది కూతురు మొహంలో ఉంది. ఆమె తండ్రి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది, తన పెదాలు ఆయనకి కనబడేలాగా.

"రెండేళ్ళలో ఎన్ని ఇచ్చావు నాన్నా?"

చెప్పకుండా ఉండలేనని ఆయనకీ తెలుసు. "ఏడు," అన్నాడు.

"మోగించకుండానా?"

"మోగించాను. వినకుండా."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి పని పుస్తకం తీసింది. ఎవరి తుపాకీ, ఏ రోజు తెచ్చారు, ఫోను నంబరు, అన్నీ మేస్త్రి గుండ్రటి రాతలో ఉన్నాయి. మొదటి నంబరు కొట్టి ఫోను తండ్రి చేతిలో పెట్టింది. "నువ్వే చెప్పాలి. నేను చెప్తే ఎవరో పోటీ కొట్టువాళ్ళు అంటున్నారనుకుంటారు. వాళ్ళేం అన్నారో నేను విని నీకు చెప్తా."

ఫోనులో మనిషి గొంతు మేస్త్రికి గురగురగా తప్ప తెలియదు. అందుకని అవతల ఏమంటున్నా ఆగకుండా ఒకే మాట చెప్పాడు. "నేను తుపాకుల మేస్త్రిని. మీ తుపాకీ బాగుందని చెప్పాను. నేను సరిగ్గా చూడలేదు. నాకు చెవులు వినపడవు. దాన్ని పేల్చకండి. తెచ్చి ఇవ్వండి." ఫోనుకి అటు పక్క చెవి ఆనించిన కూతురు తల ఊపింది. తీసుకొస్తానన్నాడట. రెండో ఆయన ఏమీ అనకుండా పెట్టేశాడట. మూడో ఆయన అన్న మాటలు కూతురు చెప్పలేదు, ఫోనుకి చెవి దూరంగా జరుపుకుంది, అంతే. నాలుగు, అయిదు. ఆరో ఆయన ఆ తుపాకీ ఇంకా బీరువాలోంచి తీయనే లేదన్నాడట. ఆ మాట విని వియ్యంకుడు "హమ్మయ్య" అన్నాడు. కూతురు పుస్తకంలో ఆరో పేరు ఎదురుగా గుర్తు పెడుతోంది.

ఏడో నంబరు మేస్త్రి తనే కొట్టాడు. ఊరి చివర కోళ్ళ ఫారం పెట్టుకున్నావిడ. మొన్న వేసవిలో ఇదే కొట్టులో, ఇదే బల్ల దగ్గర నిలబడి, గొట్టానికి దగ్గరగా చెవి పెట్టి, "ఎలా మోగాలి మేస్త్రిగారూ? నాకేం తెలుస్తుంది, మీరు బాగుందంటే బాగున్నట్టే," అని నవ్వింది. చీకటి పడేముందు నక్కలు కంచె దగ్గరికి వస్తాయని, ఆ వేళకి రోజూ తుపాకీ పట్టుకుని ఒక చుట్టు తిరుగుతానని కూడా చెప్పింది. కిటికీలో ఎండ అప్పటికే పచ్చబడింది.

ఫోనులో గొంతు వినపడింది. ఆడగొంతే. మేస్త్రి ఆగలేదు. "అమ్మా, నేను తుపాకుల మేస్త్రిని. మీ తుపాకీ బాగుందని చెప్పాను. నేను సరిగ్గా చూడలేదు. ఇవాళ దాన్ని ముట్టుకోకండమ్మా. తలుపు వేసుకుని లోపలే ఉండండి. నక్కలు తింటే తిననీండి, ఆ కోళ్ళు నేనిచ్చుకుంటా." ఇన్ని ఫోనుల్లోకీ ఈ మాటే బాగా చెప్పగలిగాననిపించింది ఆయనకి. ఫోను దింపి కళ్ళు తుడుచుకున్నాడు.

"మంచావిడ. చివరిదాకా విన్నది. ఒక్కసారి కూడా అడ్డం రాలేదు," అన్నాడు.

కూతురు పుస్తకం వదిలేసి ఫోను అందుకుంది. అదే నంబరు మళ్ళీ కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది. వింటూ తండ్రి వైపు తిరిగింది. పెదాలు మెల్లగా కదిపి చెప్పింది.

"అది ఆవిడ కాదు నాన్నా. ఫోను ఎవరూ ఎత్తడం లేదని చెప్పే రికార్డు అది."